వ్యాన్ ఎక్కే అమ్మకు గట్టి పట్టు

ప్రశ్న: మాది ధర్మవరం. పాత వ్యాన్‌లో చెక్క మంచాలు బిగించుకొని లేపాక్షి, పెనుకొండ, కదిరి వెళ్లొస్తుంటాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. తలుపు దగ్గర స్క్రూలతో బిగించిన హ్యాండిల్ రెండుసార్లు ఊడింది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పు హ్యాండిల్‌ది కాదమ్మా, వెనకున్న రేకుది. దాని మందం సాధారణంగా మిల్లీమీటరు కూడా ఉండదు. ఎక్కేటప్పుడు మనిషి బరువులో చాలా భాగం చేతి మీద పడితే స్క్రూ రేకును చీల్చుకొని వచ్చేస్తుంది.

లోపలి లైనింగ్ విప్పించి, తలుపు పక్కనున్న ఇనుప ఫ్రేమును వెతికించండి. హ్యాండిల్‌ను దానికే బోల్టు అవతలి వరకు దూర్చి నట్టుతో బిగించాలి. ఫ్రేము అందకపోతే రేకు వెనక 3 మి.మీ. ఇనుప పట్టీ వేయాలి. రంధ్రాల అంచులకు ప్రైమరు, సీలెంటు రాయించండి, లేదంటే తుప్పు పడుతుంది. రంధ్రం వేసేముందు వెనక వైర్లు లేవని చూడాలి. వెల్డింగ్ అయితే బ్యాటరీ కనెక్షన్ తీయాల్సిందే.

నిలువు కమ్మీ మేలు: నేల మీద నిలబడ్డా, లోపలికి అడుగుపెట్టినా చేతికి అందుతుంది. మన ఎండలకు ఇనుము కాలిపోతుంది కాబట్టి రబ్బరు తొడుగు తప్పనిసరి. దిగేటప్పుడు అమ్మను వ్యాన్ వైపు తిరిగి దిగమనండి. అమ్మ వాడేముందు మీరు హ్యాండిల్ పట్టుకొని గట్టిగా లాగి చూడండి.

ఫ్రేము తుప్పు పట్టి ఉంటే బాడీ బిల్డింగ్ షెడ్డుకు తీసుకెళ్లండి. బయటికి పొడుచుకొచ్చే మెట్టు పెట్టాలనుకుంటే ముందు రవాణా కార్యాలయంలో అడగండి. పట్టు ఉన్నా అమ్మ కాలు తడబడుతుంటే ఎముకల డాక్టరుకు చూపించండి.