కిస్తీ అద్దెతోనే తీరుతుందా?

సమస్య

మాది ఖమ్మం. నేను సర్కారు బడిలో టీచర్ని. మా వారిది మందుల షాపు. సొంత డాబా ఇల్లు ఉంది, అప్పుల్లేవు. చీటీ డబ్బులు, అమ్మావాళ్ళిచ్చిన ప్లాటు అమ్మగా వచ్చినవి కలిపి బ్యాంకులో 25 లక్షలున్నాయి. హైదరాబాద్‌లో ఉండే మా బావగారు నిజాంపేటలో 60 లక్షలకు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు చూశారు. 40 లక్షలు లోను తీసుకోండి, 18 వేలు అద్దె వస్తుంది, కిస్తీ దానంతటదే తీరిపోతుంది అంటున్నారు. అది నచ్చకపోతే శివారులో ప్రీలాంచ్ కింద, అంటే పని మొదలుకాకముందే, 38 లక్షలకే ఇస్తున్నారట. మొత్తం ఒకేసారి కట్టాలి. తక్కువ పడేదానికి నా బంగారం కుదువ పెట్టి, మిగతాది చేబదులు తెద్దామంటున్నారు.

మా ఇంటి మీదే రెండు పోర్షన్లు వేసి అద్దెకిద్దామని నా ఆలోచన. మేస్త్రీ 18 లక్షలవుతుందన్నాడు. మా వీధిలో ఒక్కో పోర్షన్ 7 వేలకు పోతోంది. ఇంట్లో చెబితే 'ఆ మాత్రం అద్దెకు ఇంత తంటా ఎందుకు' అని కొట్టిపారేశారు. మా వారికి అన్నగారి మాటంటే గురి. పాప వచ్చే ఏడాది ఇంటర్‌లో చేరుతుంది. ఇల్లు అద్దెకిచ్చిన అనుభవం మాకెవరికీ లేదు. ఏం చేయమంటారు?

– ఒక టీచర్, ఖమ్మం

సలహా

అమ్మా, మీ ముగ్గురిలో సరైన లెక్క మీదే. దాన్ని కాగితం మీద పెట్టి మీ వారికి చూపించండి.

40 లక్షల అప్పుకు ఇరవై ఏళ్ళ గడువు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ అనుకుంటే నెల కిస్తీ సుమారు 34,700. అద్దె 18 వేలు. ఆ అద్దె కూడా పన్నెండు నెలలూ రాదు. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేలోపు నెలో, రెండు నెలలో తాళం పడుతుంది. ఆ రోజుల్లో మెయింటెనెన్స్ మీరే కట్టాలి. రంగులు, బ్రోకర్ కమీషన్, ఇంటిపన్ను, చెడిపోయిన మోటారు, కారే కుళాయి అన్నీ ఓనరు ఖాతాలోవే. ఇవన్నీ పోను సగటున నెలకు 15 వేలు మిగిలితే సంతోషించాలి. అంటే ప్రతి నెలా 20 వేల దాకా మీ జీతం నుంచే వెళ్తుంది. మొదటి ఏడాది మీరు కట్టే నాలుగు లక్షల పైచిలుకులో మూడు లక్షలకు పైగా వడ్డీకే పోతుంది.

ఇంకో సంగతి. 60 లక్షల్లో 20 లక్షలు చేతి నుంచి పెట్టాలి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే నాలుగున్నర లక్షలు. దీన్ని సాధారణంగా బ్యాంకు అప్పులో కలపరు. మీ దగ్గర మిగిలేది 50 వేలు. పాప కాలేజీ ఫీజు కట్టే ఏడాదిలో ఒక ఇంటిని అంత తక్కువ డబ్బుతో నడపమని నేను చెప్పలేను.

లోను తీసుకుంటే టాక్స్ మిగులుతుందని కూడా ఎవరో ఒకరు అంటారు. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే అద్దెకిచ్చిన ఇంటి నష్టాన్ని జీతంలోంచి తీసేసుకోవడం కుదరదు. పాత విధానంలోనూ ఏడాదికి 2 లక్షల వరకే.

ధర పెరగదా అంటారు బావగారు. పెరగొచ్చు. నిజాంపేట, బాచుపల్లి వైపు ఎంత మారిందో కళ్ళారా చూసినవాళ్ళు ఆ మాట అనడంలో వింత లేదు. కానీ పెరిగిన ధర అమ్మిన రోజునే చేతికొస్తుంది, కిస్తీ మాత్రం నెలనెలా కట్టాలి. పైగా ఫ్లాటులో గోడలు పాతబడుతుంటాయి, విలువ పెరిగేది కింద ఉన్న స్థలానికి. మీ పేరున ఎన్ని గజాల అవిభాజ్య వాటా రాస్తారో ఆయన అడిగారా?

ప్రీలాంచ్ మాట వింటేనే నాకు గుండె దడ. దయచేసి ఒక్క రూపాయి కూడా కట్టకండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టులో గానీ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకానికి పెట్టడమే 2016 చట్టం ప్రకారం తప్పు. రిజిస్టరైన ప్రాజెక్టులో కూడా అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతం మించి తీసుకోకూడదు. అలాంటిది మొత్తం సొమ్ము ముందే అడిగేవాళ్ళకు బంగారం కుదువ పెట్టి మరీ ఇవ్వడమా? హైదరాబాద్ చుట్టుపక్కల ఇలా కట్టి, ఫ్లాటూ లేక డబ్బూ రాక పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరుగుతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళలో ఎక్కువమంది మీలా పైసా పైసా కూడబెట్టుకున్నవాళ్ళే.

ఇక మీ పోర్షన్లు. నెలకు 14 వేలు, ఏడాదికి 1,68,000. 18 లక్షల మీద అది తొమ్మిది శాతం దాటుతుంది. రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపి చూస్తే ఫ్లాటు మీద మూడున్నర కూడా రావడం లేదు. స్థలం మీకు ముందే ఉంది కాబట్టి ఈ పోలిక పూర్తిగా సమానం కాదు, మీ ఇంట్లో ఆ మాట కూడా దాచకుండా చెప్పండి. అయినా అప్పు లేకుండా పనవుతుంది, ఇంకా ఏడు లక్షలు చేతిలో ఉంటాయి. కుళాయి కారితే మెట్లెక్కి చూసుకోవచ్చు. మొదటిసారి అద్దెకిచ్చేవాళ్ళకు ఈ దగ్గరితనం చాలా అవసరం.

మేస్త్రీ మాట మీదే పని మొదలుపెట్టకండి. పునాది, పిల్లర్లు పై అంతస్తును మోస్తాయో లేదో స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి చెప్పాలి. నిర్మాణ అనుమతి తీసుకోండి. మెట్లు బయటి నుంచి పెట్టించండి. ఒక్కో పోర్షన్‌కు వేరే కరెంటు మీటరు తప్పనిసరి. ఒకే మీటరైతే యూనిట్లన్నీ కలిసి పై స్లాబులోకి వెళ్తాయి, బిల్లు పంచుకునే దగ్గర ప్రతి నెలా మాటామాటా పెరుగుతుంది. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగినప్పుడు మీ వీధిలోకి నీళ్ళొచ్చాయా? వచ్చి ఉంటే ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు అడగకముందే చెప్పండి.

పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకోండి. అడ్వాన్స్ రెండు నెలల అద్దె చాలు, ఖాళీ చేసిన రోజే లెక్క చూసి తిరిగి ఇచ్చేయండి. దిగేవాళ్ళ ఉద్యోగం, ఆధార్ అడగండి. కులం, వండుకునే కూర అడగకండి. ఒంటరిగా ఉండే నర్సమ్మకో, కొత్తగా చేరిన లెక్చరర్‌కో ఇల్లు దొరక్క ఎంత తిప్పలో రేపు ఆ వయసుకొచ్చే పిల్లలున్న మనకు తెలియాలి.

హైదరాబాద్‌లో ఎన్నటికీ కొనొద్దని కాదు. పాప చదువు ఒక దారిన పడ్డాక, ఆరు నెలలు ఫ్లాటు ఖాళీగా ఉన్నా కిస్తీ ఆగదన్న ధైర్యం వచ్చాక చూడండి. అప్పుడు కూడా ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లాయరుకు చూపించి, స్థలం చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) లోకి గానీ బఫర్‌లోకి గానీ రాదని తేల్చుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

బావగారితో వాదన పెట్టుకోకండి. ఆయన మీ మంచికే చెబుతున్నారు. ఆ ప్రీలాంచ్ ప్రాజెక్టు రెరా నంబరు పంపమని మీ వారి చేతే ఫోన్ చేయించండి. ఈలోగా ఇంజినీరును పిలిపించి పిల్లర్లు చూపించండి.