హెడీ లమార్: హీరోయిన్ రాసిన సర్క్యూట్ కథ

ఫ్రెండ్స్, కమ్యూనికేషన్స్ క్లాసులో ఫ్రీక్వెన్సీ హాపింగ్ చదివినప్పుడు, దాని వెనక ఒక సినిమా హీరోయిన్ ఉందని నాకు తెలీదు. తెలిశాక మీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

హెడీ 1914లో వియన్నాలో పుట్టింది. మొదటి భర్త ఫ్రిట్జ్ మాండల్ ఆయుధాల వ్యాపారి. ఆమెను సినిమాల్లో నటించనివ్వలేదు. 1937లో ఆ ఇంటి నుంచి తప్పించుకుంది. మరుసటి ఏడాదే 'అల్జీర్స్' సినిమాతో హాలీవుడ్ స్టార్ అయింది.

యుద్ధకాలంలో సంగీతకారుడు జార్జ్ ఆంథైల్‌తో కలిసి ఒక ఉపాయం ఆలోచించింది. టార్పెడోను రేడియోతో నడిపితే, శత్రువు ఆ ఫ్రీక్వెన్సీ పట్టేసి జామ్ చేస్తాడు. అదే ట్రాన్స్‌మిటర్, రిసీవర్ రెండూ ఒకే వరుసలో, ఒకేసారి ఫ్రీక్వెన్సీ మారుస్తూ పోతే? దేన్ని జామ్ చేయాలో వాడికి అంతు చిక్కదు. పియానో మెట్లలాగే 88 ఫ్రీక్వెన్సీలు. సింక్ కోసం చిల్లులు పెట్టిన కాగితం చుట్టలు.

1942 ఆగస్టు 11న పేటెంట్ వచ్చింది. నేవీ మాత్రం అప్పట్లో వాడలేదు. గడువు తీరిపోయింది, ఆమెకు పైసా రాలేదు.

బ్లూటూత్ ఆమే కనిపెట్టిందనడం తప్పు. కానీ క్లాసిక్ బ్లూటూత్ సెకనుకు 1600 సార్లు ఛానెల్ మార్చేది ఇదే సూత్రంతో. ఈ పనికి గుర్తింపు 1997లో వచ్చింది, అప్పటికి ఆమెకు 82 ఏళ్ళు.

ల్యాబ్‌లో "నువ్వు రికార్డు రాయి, సర్క్యూట్ మేం చూసుకుంటాం" అని మా బ్యాచ్ అమ్మాయితో నేనూ అన్నాను. ఇక అనను.