పంచాయతీ పాత వ్యాను: తుప్పు, టాంకు కారుట

కృష్ణా మెట్ట ప్రాంతమున, అనగా 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన నందిగామ, జగ్గయ్యపేట పరిసరములలో, గ్రామపు పనులకు పికప్ వ్యానును సొంతముగా గాని అద్దెకు గాని వాడు పంచాయతీలు కలవు. చెత్త తరలించుటకును, బ్లీచింగు పొడి, పైపులు, మోటార్లు మోయుటకును ఆ ఒక్క బండియే. బండి పదేండ్లు దాటిన పిదప రెండు ఫిర్యాదులు సమావేశమునకు వచ్చుచుండును: ఒకటి అడుగు రేకు తుప్పుపట్టినదని, రెండవది డీజిలు టాంకు కారుచున్నదని. ఇవి వేర్వేరు చిక్కులుగా తోచును గాని, టాంకుకు చిల్లి పడుటకు మూలము తరచుగా తుప్పే. మరమ్మతుకు సొమ్ము మంజూరు చేయుటకు ముందు సభ్యులు తెలిసికొనదగిన సంగతులను ఇచట వివరింతుము.

ఇనుమునకు నీరును, గాలిలోని ప్రాణవాయువును తగిలినచో తుప్పు పుట్టును. ఆ తడిలో లవణములున్నచో అది త్వరితమగును. సముద్రము దూరము గదా యని మన ప్రాంతమువారు నిశ్చింతగా నుందురు. కాని తడిచెత్త నుండి కారు మురుగునీటిలో ఉప్పులును ఆమ్లములును ఉండును. బ్లీచింగు పొడి అంతకంటె కఠినమైనది. చిరిగిన సంచి నుండి రాలిన పొడి చెమ్మతో కలిసి రేకును తినివేయును. దానిని మూతగల ప్లాస్టికు డ్రమ్ములోనే తరలింపవలెను. చెత్త దింపిన రోజుననే బండిని మంచినీటితో కడిగి, అడుగు రేకునందలి నీరు పోవు రంధ్రములు పూడకుండ చూడవలెను. జగ్గయ్యపేట వైపు కొందరు సిమెంటు దుమ్మును నిందింతురు. సిమెంటు క్షారగుణము గలది. కాంక్రీటులోని కడ్డీలను తుప్పు నుండి కాపాడునదియు ఆ గుణమే. దోషమంతయు దుమ్ము మూలలలో గట్టిపడి వానతడిని రోజుల తరబడి నిలుపుటయందున్నది.

తుప్పు ఎంతవరకు పోయినదో కంటితో చూచి చెప్పుట కష్టము. చిన్న సుత్తితో మెల్లగా తట్టి చూడవలెను. గట్టి ఇనుము ఖంగుమనును; తినివేయబడినది మొద్దుగా పలుకును, పొరలు రాలును. పైపై తుప్పు అయినచో తీగల బ్రష్షుతోను, ఎమరీ కాగితముతోను మెరయువరకు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, అది ఆరిన పిదప రంగు వేయించిన చాలును. తుప్పు మీదనే రంగు వేయుట డబ్బు దండుగ; లోపల అది పెరుగుచునే యుండును. బరువు మోయు ఛాసిస్ పట్టెలు పొరలు లేచినచో, లేదా బ్రేకు గొట్టములు తినివేయబడినచో, అవి సరియగువరకు ఆ బండిని రోడ్డు మీదికి పంపరాదు. వాడిన ఇంజను నూనెను బండి అడుగున పూయు అలవాటు ఒకటి కలదు. అది రబ్బరు భాగములను చెరచును, వానకు నేలలోనికి దిగును. దానిని మేము మెచ్చజాలము.

ఇక టాంకు. సగము ఖాళీగా నున్న టాంకులో రాత్రి చల్లదనమునకు గాలిలోని చెమ్మ నీటిబొట్లయి లోపలి గోడలకు పట్టును. డీజిలు నీటికంటె తేలిక గనుక ఆ నీరు అడుగునకు చేరి అచటనే నిలుచును. కావుననే అనేక టాంకులు లోపలి నుండి, అడుగుననే చిల్లులు పడును. వెలుపల, టాంకును బిగించు ఇనుప పట్టీల క్రింద చేరిన తడిమట్టియు అంతే హాని చేయును. సాయంకాలము టాంకు నింపి బండిని నిలుపుట మంచి అలవాటు.

వరదలో మునిగిన బండి సంగతి వేరు. 2023 జూలైలోను, మరల 2024 సెప్టెంబరు 1న మునేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరము కడ జాతీయ రహదారి మీదికి నీరు వచ్చినది, రాకపోకలు నిలిచినవి. అట్టి నీటిలో నిలిచిన బండిని తాళము త్రిప్పి చూడరాదు. ముందు టాంకును పూర్తిగా దింపించి, ఫిల్టరు మార్చిన పిదపనే ఇంజను తిప్పవలెను.

బొట్టు బొట్టుగా కారుటను పలువురు లెక్కచేయరు. సెకనుకు ఒక బొట్టు చొప్పున, మిల్లీలీటరుకు 40 బొట్లని లెక్కించినను, దినమునకు 2 లీటర్లకు మించును. నెలకు సుమారు 65 లీటర్లు. నష్టము సొమ్ముతో తీరదు. జగ్గయ్యపేట ప్రాంతపు సున్నపురాతి నేలలో పగుళ్ళు మెండు. ఆ పగుళ్ళగుండ చమురు బోరుబావుల వైపు సాగవచ్చును. తారు రోడ్డుపై పడినచో ద్విచక్ర వాహనములు జారును. లాగ్ బుక్కులో లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చుచున్నవో నెలనెలా చూచినచో ఈ నష్టము త్వరగా బయటపడును.

కారుచున్నదనగానే టాంకుపై నెపము వేయరాదు. రబ్బరు గొట్టము, వాషరు, అడుగు బిరడా, ఇంజను నుండి డీజిలు తిరిగి వచ్చు పైపు, వీనిలో ఏదైనను దోషి కావచ్చును. ఇంజను చల్లారిన పిదప టాంకును పొడిగుడ్డతో తుడిచి ముగ్గుపిండి చల్లుడు. ఎచట మొదట పిండి నల్లబడునో అదియే చోటు. ఆ సమయమున బీడీ, అగ్గిపుల్ల దరిదాపుల నుండరాదు. సన్నని చిల్లిపై బట్టల సబ్బును అదిమి రుద్దినచో, లేదా రెండు ముద్దలు కలిపి పిసుకు ఎమ్‌సీల్ అంటించినచో, కారుట కొంతసేపు ఆగును. అవి బండిని వర్క్‌షాపుకు చేర్చుటకే గాని నెలలు నడుపుటకు గావు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట వెల్డింగును గూర్చినది. ఖాళీ టాంకు క్షేమమనుకొందురు. నిండు టాంకు కంటె ఖాళీ టాంకే భయంకరము, ఏలనగా దానినిండ ఆవిరి యుండును. నిప్పురవ్వ తగిలిన క్షణమున టాంకు పగిలి ముక్కలు ఎగురును. డీజిలు పెట్రోలు కాదు గదా యని వాదించువారు కలరు. భారత ప్రమాణము ప్రకారము డీజిలు అంటుకొను ఆవిరిని విడుచు ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెంటిగ్రేడుకు తగ్గరాదు, అంతే. నందిగామలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుననుట మీకు తెలియనిది గాదు. కావున బండికి బిగించియున్న టాంకుపై వెల్డింగు చేయనీయరాదు. టాంకును ఊడదీసి, దింపి, వేడినీటితోను సబ్బుతోను పలుమారులు కడిగి, ఆవిరి పట్టించి, మూతలన్నియు తెరచి, అతుకు పెట్టు చోటికి కొంచెము దిగువ వరకు నీటితో నింపిన పిదపనే, ఈ పనిలో ఆరితేరినవారు పూనుకొనవలెను. రేడియేటర్లు బాగుచేయువారు మంట లేకుండ, వేరేచోట కాచిన రాగి కడ్డీతో మాటు పెట్టుట కొంత మేలు. దానికిని టాంకును ముందు కడుగక తప్పదు. లోపలి తుప్పుచే చిల్లి పడినచో, ప్రక్క రేకు కూడ పలుచబడియే యుండును. అట్టి దానికి అతుకులు వేయించుట కంటె టాంకు మార్చుటయే మా దృష్టిలో చవుక.

అయితే టాంకు కొనుటకు తీర్మానించుటకు ముందు రిజిస్ట్రేషను పత్రము తెప్పించి తేదీ చూడుడు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న కేంద్ర నిబంధన ప్రకారము ప్రభుత్వ శాఖలకు, పురపాలక సంఘములకు, పంచాయతీలకు చెందిన వాహనముల రిజిస్ట్రేషను 15 సంవత్సరములు దాటిన పిదప పునరుద్ధరింపబడదు. వానిని గుర్తింపు పొందిన తుక్కు కేంద్రమునకు అప్పగింపవలెను. పదునాలుగవ ఏట నున్న బండికి కొత్త ఛాసిస్ పట్టెలు, కొత్త టాంకు వేయించుట ఏపాటి వివేకమో సభ్యులే యోచింతురు గాక. అద్దె బండియైనచో మరమ్మతు యజమానిది. పంచాయతీ చూడవలసినవి భీమా, ఫిట్‌నెస్ పత్రములు. ఎనిమిదేండ్లు దాటిన రవాణా వాహనమునకు ఫిట్‌నెస్ ప్రతి సంవత్సరము తీసికొనవలెను.

బండి నిలుపు చోట రెండు బకెట్ల పొడి ఇసుక ఉంచుడు. చమురు మంటపై నీరు పోసినచో మంట నీటితో పాటు వ్యాపించును, ఇసుకయే కప్పవలెను. కారిన డీజిలుపై చల్లినను అదియే పీల్చుకొనును. అట్లు తడిసిన ఇసుకను మూతగల డబ్బాలో కెత్తి, బోరునకును చెరువునకును దూరముగా నుంచవలెను.