మృదంగ విద్వాంసురాలు సుమతి

ఘంటసాల నుండి కూచిపూడి వైపు పోవు త్రోవలోని పల్లెలలో మృదంగధ్వని ఎరుగనివారు అరుదు. భాగవతుల నాట్యమునకైనను, హరికథకైనను మృదంగము ఉండవలసినదే. అయితే ఆ వాద్యము తరతరములుగా పురుషుల చేతిలోనే యుండెను. ఆడపిల్లలకు పాట నేర్పిరి, వీణ నేర్పిరి. మృదంగము మాత్రము ఒడిలో పెట్టలేదు. పాల్ఘాట్ మణి అయ్యర్ వంటి మహావిద్వాంసుడే చాలకాలము స్త్రీల గానమునకు ప్రక్కవాద్యము వాయించుటకు అంగీకరింపలేదు. ఇక స్త్రీయే మృదంగము పట్టి వేదిక నెక్కుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

ఇట్టి కాలమున, 1950లో, ఏలూరులో సుమతి జన్మించెను. ఇంటిపేరు నిడుమోలు. ఘంటసాలకు దాపుననున్న ఒక గ్రామమునకును అదే పేరు కలదు. తండ్రి నిడుమోలు రాఘవయ్యగారు మృదంగ విద్వాంసుడు. ఆయన తన విద్యను కుమార్తెకు దాచలేదు. తొలిపాఠములు తానే చెప్పెను. పిమ్మట ఆమె దండమూడి రామమోహనరావుగారి శిష్యురాలై, తరువాత ఆయననే వివాహమాడెను. తండ్రి గురువు, భర్త గురువు! ఇది అదృష్టమే కాని, సభలో శ్రుతిలయలు ఆ బంధుత్వమును లెక్కించునా?

మృదంగము పనసకొయ్యతో చేయుదురు. కుడి మూతమీద నల్లని కరణి యుండును. ఆ మూతను గాయకుని శ్రుతికి సరిగా కలుపవలెను. ఎడమ మూతకు కచేరీకి ముందు తడిపిన రవ్వముద్ద అంటించి, కచేరీ ముగియగానే గీకివేయుదురు. ఆ ముద్ద వలననే గంభీరమైన నాదము పలుకును. ఇంత సిద్ధపరచియు, గాయకుడు రాగాలాపన చేయుచున్నంతసేపు మృదంగకుడు చేతులు కట్టుకొని వినుచుండవలెను. కీర్తన మొదలైన పిమ్మట అది ఎక్కడ ఎత్తుకొనబడినదో గ్రహించి, దాని నడకను అనుసరింపవలెను. వాయించుట కంటె వినుట కష్టమని పలువురు ఎరుగరు.

కచేరీ మధ్యలో తని ఆవర్తనము వచ్చును. అప్పుడు గాయకుడు తాళము వేయుచు ఊరకుండును; మృదంగము ఒక్కటే మాటలాడును. ఆదితాళమైనచో ఎనిమిది అక్షరముల ఆవర్తనమును రకరకముల నడకలలో నడిపించి, ముక్తాయింపును సరిగా పల్లవి ఎత్తుగడకు చేర్పవలెను. ఒక్క అక్షరము తప్పినను, తాళము వేయు శ్రోతలందరికిని తెలిసిపోవును. కప్పిపుచ్చుటకు సాహిత్యము లేదు, సానుభూతి లేదు. స్త్రీ వాయించునా అని సందేహించువారికి సుమతిగారు ఈ తావుననే, తన వ్రేళ్ళతోనే, బదులు చెప్పవలసివచ్చెను.

విజయవాడ ఆమెకు నివాసమాయెను. 1948 డిసెంబరు 1న అచ్చట ఆకాశవాణి కేంద్రము వెలసినది మొదలు కృష్ణాతీరమున కళాకారులకు మంచి ఆదరువు లభించెను. రేడియోలో వాయించువారి రూపము కనబడదు, నాదమే వినబడును. సుమతిగారి మృదంగమును ఆకాశవాణి ఇంటింటికి చేర్చెను.

2009 సంవత్సరమునకు సంగీత నాటక అకాడమీ పురస్కారము ఆమెకు లభించెను. 2021లో భారత ప్రభుత్వము పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఆమె వయస్సు డెబ్బది సంవత్సరములు.