గేర్ బాక్స్ విప్పించే ముందు చైన్ చూడండి

సాయంత్రం ఆరున్నరకి ఐకియా దగ్గర నుంచి బయోడైవర్సిటీ జంక్షన్ వైపు బండి మీద వచ్చినవాళ్ళని అడగండి, ఎడమ చెయ్యి ఎలా గుంజుతుందో చెబుతారు. ఫస్ట్, న్యూట్రల్, మళ్ళీ ఫస్ట్, సెకండ్, క్లచ్, మళ్ళీ న్యూట్రల్. ఊరి రోడ్డు మీద టాప్ గేర్ వేసి వదిలేస్తే పది కిలోమీటర్లు అలాగే పోయే బండి, ఇక్కడ ఒక్క సిగ్నల్ దాటేలోపు పదిసార్లు గేర్ మార్పించుకుంటుంది. దానికి తోడు కొండాపూర్, మాదాపూర్ లోపలి గల్లీల్లో స్పీడ్ బ్రేకర్లు, వానాకాలం వస్తే నీళ్ళ కింద కనపడని గుంతలు. అంటే మన ఐటీ కారిడార్‌లో బండికి రెండు చోట్ల దెబ్బ పడుతుంది: గేర్ బాక్స్, షాకప్ స్ప్రింగులు. ఈ రెంటినీ వేర్వేరు జబ్బులుగా చూడటం అలవాటైపోయింది మనకి. వాటి మధ్య ఒక చైన్ ఉందని మర్చిపోతాం.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, మనలో చాలామంది బండ్లు అన్నయ్యో బాబాయో వాడి ఇచ్చినవి, లేదా సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. గేర్ సరిగ్గా పడట్లేదని మెకానిక్ దగ్గరికి వెళ్తే వినపడే మాట ఒకటే. "గేర్ బాక్స్ పోయింది తమ్మీ, ఇంజిన్ దించాలె." ఆ ఒక్క మాటకి రెండు మూడు నెలల మెస్ బిల్లు ఎగిరిపోతుంది. కొన్నిసార్లు ఆ మాట నిజం. కొన్నిసార్లు క్లచ్ వైరు రెండు చుట్లు తిప్పితే అయిపోయే పని. తేడా పట్టుకోవడానికి స్పానర్లు అక్కర్లేదు. థియరీ ఆఫ్ మెషీన్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ చదివినవాళ్ళం, ఇంతమాత్రం మనకి తెలియాలి.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. గేర్ మార్చడమంటే పళ్ళ చక్రాలు విడిపోయి వేరేవాటితో కలుసుకోవడం అని అనుకుంటాం. బైక్‌లో అలా కాదు. అన్ని గేర్ల జతలూ ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి, అందుకే దాన్ని కాన్‌స్టెంట్ మెష్ అంటాం. ప్రతి జతలో ఒక చక్రం షాఫ్ట్ మీద ఊరికే తిరుగుతుంటుంది. దాని పక్కనున్న చక్రానికి ముందుకు పొడుచుకొచ్చిన బొడిపెలు ఉంటాయి, వాటిని డాగ్స్ అంటారు. మనం కాలితో లివర్ నొక్కితే ఒక డ్రమ్ కొద్దిగా తిరుగుతుంది, దాని గాడిలో ఉన్న ఫోర్క్ ఆ చక్రాన్ని పక్కకి జరుపుతుంది, డాగ్స్ వెళ్ళి పక్క చక్రంలో ఇరుక్కుంటాయి. అంతే, గేర్ పడింది. డ్రమ్ అక్కడే నిలవడానికి ఒక చిన్న రోలర్‌ని స్ప్రింగ్ అదిమి పడుతుంది. లివర్‌ని తిరిగి మధ్యకి తేవడానికి ఇంకో స్ప్రింగ్. అంటే షాకప్‌లోనే కాదు, గేర్ బాక్స్‌లో కూడా స్ప్రింగులే కాపలా కాస్తున్నాయి.

ఇప్పుడు మొదటి పరీక్ష. నన్నడిగితే ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే సగం డబ్బులు మిగులుతాయి. ఇంజిన్ ఆపేయండి. బండిని కొద్దిగా ముందుకీ వెనక్కీ ఊపుతూ ఒక్కో గేర్ వేసి చూడండి. ఇంజిన్ ఆపినప్పుడు అన్ని గేర్లూ శుభ్రంగా పడి, నడుస్తున్నప్పుడు మాత్రం గట్టిగా ఉంటే, న్యూట్రల్ దొరక్కపోతే, చాలావరకు తప్పు గేర్లది కాదు, క్లచ్‌ది. క్లచ్ పూర్తిగా విడవట్లేదు, ఇంజిన్ ఇంకా కొంచెం లాగుతూనే ఉంది, ఆ బరువులో డాగ్స్ బయటికి రాలేకపోతున్నాయి. ఫస్ట్ గేర్‌లో క్లచ్ పూర్తిగా పట్టుకున్నా బండి ముందుకి పాకుతుంటే అనుమానమే లేదు. లివర్ చివర దగ్గర ఖాళీ ఎంతుందో చూడండి. మామూలు కమ్యూటర్ బండ్లలో 10 నుంచి 15 మిల్లీమీటర్లు ఉంటే సరి, కచ్చితమైన అంకె ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. అంతకన్నా ఎక్కువైతే క్లచ్ విడవదు. అసలు ఖాళీయే లేకపోతే ఉల్టా కథ: యాక్సిలరేటర్ ఇస్తే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. దాన్ని కూడా చాలామంది "గేర్ స్లిప్" అంటారు. స్లిప్ అయ్యేది క్లచ్.

వైరు బాగానే ఉంటే ఆయిల్ సంగతి చూడండి. మన బండ్లలో ఎక్కువ వాటికి ఇంజిన్, క్లచ్, గేర్లు మూడూ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. ఇంట్లో కారు కోసం తెచ్చిన డబ్బాలో మిగిలిందని బండిలో పోస్తే, అందులో రాపిడి తగ్గించే మందులు క్లచ్ ప్లేట్లని జారేట్టు చేయొచ్చు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందా చూసుకోండి. (పాత బండ్లకి లెక్క వేరు. క్యాస్ట్ ఐరన్ ఇంజిన్ బుల్లెట్‌కి గేర్ బాక్స్ విడిగా ఉండేది, గేర్ లివర్ కుడివైపు. యెజ్డీలో కిక్ కొట్టేదీ గేర్ వేసేదీ ఒకటే లివర్! తాతగారి బండి షెడ్డులో ఉన్నవాళ్ళు ఆయిల్ విషయం విడిగా కనుక్కోండి.)

ఇంజిన్ ఆపినప్పుడు కూడా గేర్లు పడకపోతే అప్పుడు కాలి దగ్గర నుంచి లోపలికి వెళ్ళాలి. బండి ఎడమవైపు పడిందా ఎప్పుడైనా? లివర్ వంగి క్రాష్ గార్డుకో కవర్‌కో తగులుతుండొచ్చు. లివర్ షాఫ్ట్ మీద వదులుగా తిరుగుతుంటే దాని పళ్ళు అరిగాయి, కొత్త లివర్ చాలు. నొక్కిన లివర్ వెనక్కి రాకుండా అక్కడే వేలాడుతుంటే రిటర్న్ స్ప్రింగ్ విరిగి ఉంటుంది. ఆ స్ప్రింగూ, డ్రమ్‌ని అదిమిపట్టే రోలర్ స్ప్రింగూ చాలా బండ్లలో క్లచ్ కవర్ వెనకాలే ఉంటాయి. కవర్ తీసి, క్లచ్ విప్పితే అందుతాయి. ఇంజిన్ దించి రెండు ముక్కలు చెయ్యనక్కర్లేదు. బిల్లు దగ్గర ఈ తేడా తెలిసుండటం ముఖ్యం.

నిజంగా ఇంజిన్ విప్పాల్సిన జబ్బు వేరేలా మాట్లాడుతుంది. గేర్ పడుతుంది, కాలు తీసేస్తాం, యాక్సిలరేటర్ ఇవ్వగానే అదే గేర్ దానంతటదే బయటికి వచ్చేస్తుంది. ప్రతిసారీ అదే గేర్, ఎక్కువసార్లు సెకండ్. డాగ్స్ అంచులు గుండ్రంగా అరిగిపోతే లోడ్ పడగానే ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ఫోర్క్ వంగినా అంతే. సగం సగం నొక్కి గేర్ వేసే అలవాటు, క్లచ్ పట్టకుండా తొక్కే అలవాటు దీన్ని త్వరగా తెస్తాయి. ఇది వాయిదా వేసే జబ్బు కాదు. ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు వెనక క్యాబ్ తరుముతుండగా బండి ఒక్కసారిగా న్యూట్రల్‌లోకి వస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఆయిల్ తీసినప్పుడు కూడా చూడండి: బురదలా మెత్తగా, మెరుస్తూ ఉన్న పొడి కొంచెం ఉంటే అది మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకునే ముక్కలు కనపడితే ఇంక నడపొద్దు.

శబ్దాల గురించి రెండు మాటలు చాలు. ఒక్క గేర్‌లోనే కూత వస్తే ఆ జతని అనుమానించాలి, అన్ని గేర్లలోనూ వస్తే బేరింగుని. కానీ బేరింగ్ అనే ముందు ఆగండి, చైన్ దగ్గరికి వద్దాం.

మా బ్యాచ్‌లో ఒకతను ఖాళీ టైమ్‌లో బైక్ టాక్సీ నడిపేవాడు, రాయదుర్గం మెట్రో నుంచి నానక్‌రామ్‌గూడ వైపు. ఎప్పుడూ వెనక మనిషి. రెండు కంప్లైంట్లు చెప్పేవాడు. షాకప్ గట్టిపడిపోయింది, గుంతలో పడితే నడుముకే తగులుతోంది. గేర్ బాక్స్ నుంచి గుర్రుమని శబ్దం వస్తోంది. రెండు చోట్ల రెండు ఎస్టిమేట్లు వేయించుకున్నాడు. చివరికి తేలింది ఏంటంటే, చైన్ మరీ బిగువుగా ఉంది.

ఇందులో జామెట్రీ చూడండి. వెనక చక్రం పైకీ కిందకీ ఊగేది స్వింగ్ ఆర్మ్ కీలు చుట్టూ. చైన్‌ని లాగే చిన్న స్పాకెట్ ఆ కీలుకి ముందు ఉంటుంది. రెండింటి కేంద్రాలూ ఒకటి కాదు, అందుకే చక్రం ఊగుతుంటే స్పాకెట్ నుంచి ఇరుసుకి ఉన్న దూరం మారుతుంటుంది. స్పాకెట్, కీలు, ఇరుసు మూడూ ఒకే గీత మీదకి వచ్చినప్పుడు ఆ దూరం అన్నిటికన్నా ఎక్కువ, చైన్ అన్నిటికన్నా బిగువు. మామూలు బండ్లలో ఖాళీగా నిలబెట్టినప్పుడు ఇరుసు ఆ గీతకి కింద ఉంటుంది. వెనక మనిషి కూర్చుంటే షాకప్ దిగి ఇరుసు గీత దగ్గరికి వస్తుంది. స్ప్రింగులు కుంగిపోయి ఉంటే ఇంకా దగ్గరికి. సెంటర్ స్టాండ్ మీద చక్రం గాల్లో వేలాడుతుండగా "చైన్ టైట్ చెయ్యన్నా" అని ఖాళీ లేకుండా బిగించుకుంటే, ఇద్దరు కూర్చున్నాక ఇచ్చిపుచ్చుకోవడానికి ఏమీ మిగలదు. గుంత వచ్చినప్పుడు స్ప్రింగ్ నొక్కుకోవాలి, చైన్ నొక్కుకోనివ్వదు. ఆ లాగుడంతా ఎక్కడ పడుతుంది? గేర్ బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ మీద, దాని బేరింగ్ మీద, పక్కనున్న ఆయిల్ సీల్ మీద. చిన్న స్పాకెట్ వెనకాల ఆయిల్ చెమ్మ కనపడిందంటే చైన్ బిగువుని కూడా అనుమానించండి. మావాడి బండికి చైన్ వదులు చేసేసరికి షాకప్ "మెత్తబడింది". శబ్దం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, బేరింగ్ అప్పటికే దెబ్బతిని ఉంది. అదొక్కటి మార్పించుకున్నాడు.

చూసే పద్ధతి సులువు. కింది వైపు చైన్ మధ్యలో వేలితో పైకీ కిందకీ ఊపితే చాలా కమ్యూటర్లలో 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. మీ బండి అంకె మాన్యువల్‌లోనో, స్వింగ్ ఆర్మ్ స్టిక్కర్ మీదో ఉంటుంది, ఏ స్టాండ్ మీద కొలవాలో కూడా అక్కడే ఉంటుంది. ఇంజిన్ ఆపి, చక్రం మెల్లగా తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలవండి, అరిగిన చైన్ ఒకచోట వదులు, ఒకచోట బిగువు. తర్వాత ఇద్దరు స్నేహితుల్ని ఎక్కించి అప్పుడు కూడా కాస్త ఆడుతోందా చూడండి. మరీ వదులైనా తప్పే. లోడ్ పడ్డప్పుడు స్పాకెట్ పళ్ళ మీద నుంచి టక్‌మని దూకుతుంది, అదీ గేర్ జారినట్టే అనిపిస్తుంది. పెద్ద స్పాకెట్ పళ్ళు కొక్కేల్లా వంగి ఉంటే సెట్ మొత్తం మార్చాల్సిందే.

ఇక స్ప్రింగులు. "స్ప్రింగ్ వీక్ అయింది" అనే మాట వింటే ల్యాబ్ గుర్తు తెచ్చుకోండి. స్ప్రింగ్ గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతాన్ని బట్టి, చుట్టు వ్యాసం మూడో ఘాతానికి విలోమంగా, పనిచేసే చుట్ల సంఖ్యకి విలోమంగా ఉంటుంది. ఉక్కు గుణం వాడకంతో మారదు కాబట్టి గట్టిదనం అంత తేలిగ్గా తగ్గదు. తగ్గేది పొడవు, ఏళ్ళ తరబడి బరువు మోసి శాశ్వతంగా కుంగుతుంది. తీగ మందం పది శాతం పెరిగితే గట్టిదనం దాదాపు 46 శాతం పెరుగుతుంది, అందుకే చూడటానికి ఒకేలా ఉందని ఏదో ఒక స్ప్రింగ్ వేయించుకోవద్దు. చుట్ల మధ్య రబ్బరు ముక్కలు ఇరికిస్తే కొన్ని చుట్లు పనిచెయ్యవు, బండి లేచినట్టు కనపడుతుంది, నడుము విరుగుతుంది. వేడిచేసి సాగదీయిస్తే ఉక్కు పదును పోతుంది, దాన్ని దగ్గరికే రానివ్వకండి.

వెనక షాకప్ మీద మెట్లు తిప్పితే స్ప్రింగ్ గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. గట్టిపడదు. ముందే కొంత నొక్కి పెడుతున్నాం, అంతే. దాంతో బండి ఎత్తు లేస్తుంది, మనిషి కూర్చున్నాక కిందకి ఆడే దూరం పెరుగుతుంది. రెండు షాకప్‌లున్న బండికి రెండువైపులా ఒకే మెట్టు ఉండాలి. మెట్టు మార్చాక చైన్ ఖాళీ మళ్ళీ చూడండి.

అసలు ఎక్కువసార్లు పోయేది స్ప్రింగ్ కాదు, దాని ఊపుని ఆపే డ్యాంపర్. సీటుని గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి కుదురుకోవాలి. రెండు మూడుసార్లు ఊగిందంటే లోపల ఆయిల్ లేదా గ్యాస్ పోయింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ కొలతలు తెలుసా? 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గంటకి 25 కిలోమీటర్ల వేగానికి. లెక్క వేస్తే దాదాపు అర సెకనులో దాటుతాం. ఆ అర సెకనులో స్ప్రింగ్ ఒకసారి నొక్కుకుని లేస్తుంది, డ్యాంపర్ బాగుంటే అక్కడితో ఆగుతుంది. మన గల్లీల్లో రాత్రికి రాత్రి సిమెంటుతో వేసిన దిబ్బలకి ఈ కొలతలు ఎవరూ చెప్పలేదు, అది వేరే బాధ.

ముందు ఫోర్క్ రాడ్ మీద ఆయిల్ గీత కనపడితే సీల్ లీక్. ఆ ఆయిల్ బ్రేక్ మీదకి దిగితే ప్రమాదం కాబట్టి ఆలస్యం చెయ్యొద్దు. వెనక షాకప్‌ని మాత్రం హాస్టల్ రూమ్‌లో విప్పకండి. నొక్కిపెట్టిన స్ప్రింగ్ ఎగిరి తగిలితే దవడ మిగలదు, గ్యాస్ షాకప్‌లో ప్రెషర్ నింపి ఉంటుంది.

మెకానిక్ దగ్గరికి వెళ్ళినప్పుడు "గేర్ బాక్స్ పోయింది" అని మీరే తీర్పు చెప్పకండి. "అన్నా, ఇంజిన్ ఆపితే అన్ని గేర్లూ పడుతున్నయ్, స్టార్ట్ చేస్తే న్యూట్రల్ దొరకట్లే, క్లచ్ వైరు చూసిన, చైన్ ఇద్దరు కూర్చున్నా ఆడుతోంది" అని చెప్పండి. మంచి మెకానిక్ అయితే అక్కడి నుంచి మొదలుపెడతాడు. తీసిన పాత పార్టులు అడిగి తెచ్చుకోండి. అరిగిన డాగ్ ఒక్కటి చేతిలో పట్టుకుని చూస్తే, మెషీన్స్ క్లాసులో బోర్డు మీద గీసిన బొమ్మ ఏంటో అప్పుడు అర్థమవుతుంది.