చీనీతోటను బెట్టకు విడుచుట

చక్రాయపేట ప్రాంతమున కార్తికము గడచి ముసురు తెఱపి యిచ్చినంతనే చీనీతోటల రైతులు మమ్మడుగు ప్రశ్న యొకటే: "అయ్యా, తోటకు నీళ్లెప్పుడు నిలుపవలె?" దానికి ముందుగా అడుగవలసిన ప్రశ్న మఱియొకటి కలదు. రాబోవు వైశాఖమున మీ బోరు ఎంత నీరు పోయును? అది తెలియక తోటను బెట్టకు విడుచుట, తీర్చు దారి చూచుకొనక అప్పుపత్రముపై వ్రాలు చేయుట వంటిది.

ఉష్ణదేశములలో చీనీచెట్టు ఏడాది పొడుగునను చిగిర్చుచు అప్పుడప్పుడు కొద్దికొద్దిగా పూయుచుండును. అట్టి కాపు ఒక్కసారి కోసి బండి నింపుటకు చాలదు. స్పెయిను, కాలిఫోర్నియాలలో శీతకాలపు చలియే పెరుగుదలను నిలిపి, వసంతమున ఒక్కుమ్మడి పూత తెప్పించును. మన పాపఘ్ని పరిసరముల చలి అంతటి పనికి చాలదు గనుక చలికి తోడుగా నీటిని నిలుపుచున్నాము. పెరుగుదల ఆగిన చెట్టు తన ఆహారమును కొమ్మలలో కూడబెట్టుకొని, మరల తడి తగులగానే పూతగా వెలువరించును. డిసెంబరులో నీరు నిలిపి జనవరిలో తిరిగి కట్టినచో అక్టోబరు, నవంబరు నెలలలో కాయ కోతకు వచ్చును.

ఎన్ని దినములు నిలుపవలెననుటకు పంచాంగము లేదు. ఎఱ్ఱ గరపనేల త్వరగా ఆరును. నల్లరేగడి చాల దినములు చెమ్మ పట్టుకొని యుండును. చెట్టునే చూడవలెను. మధ్యాహ్నము ఆకు ముడుచుకొని సాయంకాలమునకు తేరుకొనుచున్నచో బెట్ట ఇంకను సాగవచ్చును. తెల్లవారినను తేరుకొనక, రంగు తగ్గి రాలసాగినచో తడి ఇవ్వవలసినదే. నాలుగవవంతు ఆకు రాలువఱకు ఎవ్వరును ఆగరాదు.

ఇందు మేము చేసిన తప్పు నొకదానిని చెప్పుట మంచిది. కొన్నియేండ్ల క్రిందట రేగడినేలలోని లెక్కను గరపనేలలోని తోటకు చెప్పితిమి. ఆకు రాలుచున్నదని రైతు రెండుమార్లు వచ్చి చెప్పినను, ఇంకొక వారము ఓర్చుకొమ్మంటిమి. పూత విరగబూసెను. కాని కొమ్మలు కొనలనుండి ఎండుచు వచ్చి, వేసవి ముగియులోపల పదునొకండు చెట్లు చచ్చెను. ఆ రైతు మమ్ము ఒక్కమాటయు అనలేదు. అనియున్నచో మాకు కొంత తేలికగా నుండెడిది.

అయిదేండ్లు నిండని చెట్లను, బంకతెగులు గాని వేరుకుళ్ళు గాని తగిలిన చెట్లను, కాయ ఇంకను కోయని చెట్లను బెట్టకు విడువరాదు. 2021 నవంబరులో మన జిల్లాలో కురిసిన పెనువానల వంటివి వచ్చిన యేట, మొదట కాలువలు తీసి నిలిచిన నీటిని వెడలగొట్టవలెను. నేల ఆరిన పిదపనే బెట్ట లెక్క మొదలగును. మొదలు చుట్టు నీరు నిలుచుటయే బంకతెగులునకు మూలము. కావున పాదికి లోపల మొదలు చుట్టు మఱియొక కట్ట వేసి, నీరు మ్రానుకు తగులకుండ చేయవలెను.

బెట్టలోనున్న దినములలో ఎండుపుల్లలను, నీటికొమ్మలను కోసి, మొదలునకు బోర్డో పూత వేయవలెను. మైలతుత్తము ఒక కిలో, సున్నము ఒక కిలో వేర్వేఱు ప్లాస్టికు బకెట్లలో అయిదేసి లీటర్ల నీట కలిపి, పిమ్మట రెంటిని మూడవ దానిలో పోయుదురు. ఇనుప పాత్ర పనికిరాదు. శుభ్రమైన కత్తిమొన ముంచి తీసినచో ఎఱ్ఱని రాగిపూత కనబడెనా, సున్నము ఇంకను కావలెనని తెలియును. నేలనుండి రెండుమూడడుగుల యెత్తు వఱకు పూయవలెను.

బెట్ట తీర్చునప్పుడు తొందర కూడదు. పశువుల ఎరువు, వేపచెక్క, రసాయనపు టెరువులు పాదిలో వేసి మొదట పలుచని తడి, కొన్ని దినముల తరువాత దానికంటె కొంచెము ఎక్కువ, ఆపై నిండుతడి. ఎండిన చెట్టునకు ఒక్కసారిగా నీరు ముంచినచో పూతయు పిందెయు రాలును.

ఇక మొదటి ప్రశ్న. రెండువందల లీటర్ల పీపా నాలుగు నిమిషములకు నిండినచో గంటకు మూడువేల లీటర్లు. దినమునకు ఏడు గంటలు ఆడినచో ఇరువదియొక్కవేలు. మే నెలలో కాయ మోయు పెద్దచెట్టునకు దినమునకు నూరు లీటర్లు లెక్క వేసినచో ఆ బోరు మోయగలవి రెండువందల పదిచెట్లు మాత్రమే. ఆరేసి మీటర్ల యెడమున నాటిన తోటలో అది రెండెకరములకు లోపు. నాలుగెకరముల తోట గల రైతు అంతయు బెట్టకు విడిచినచో ఏప్రిలులో పిందె రాలుటయే గాక, చెట్లును దెబ్బతినును. అతడు సగము తోటనే విడిచి, మిగిలిన సగమునకు నడుమ నడుమ తడి ఇచ్చుచు జూన్, జూలై వానల పూతకు నిలుపుకొనుట మేలు. ఆ కాయ మార్చి, ఏప్రిలు నెలలలో కోతకు వచ్చును.

గత వేసవిలో కొలిచిన లెక్క లేనివారు ఇప్పుడు కొలిచి, అందులో సగమే మే నెలకు మిగులునని యెంచుకొందురు గాక. సంఘపు గోదామున రెండువందల లీటర్ల పీపా యొకటి ఉన్నది. కొలతకు కావలసిన సభ్యులు గుమాస్తాకు చెప్పి తీసికొనిపోవచ్చును. మఱునాడు తిరిగి చేర్చవలెను.