మాత్ర పైపూత - వేడి, తేమ

మీ ఇంట్లో రోగికి ఇచ్చే కొన్ని మాత్రలపై నున్నటి పైపూత ఉంటుంది. అది రంగు కోసమో, చేదు తెలియకుండా ఉండేందుకో మాత్రమే అనుకోవద్దు. పాంటోప్రజోల్ వంటి మందు జీర్ణాశయంలోని ఆమ్లానికి పాడైపోతుంది. అందుకని ఆమ్లంలో కరగకుండా, చిన్న ప్రేగులకు చేరాకే కరిగే పాలిమర్ పొరను దానిపై పూస్తారు. ఇలాంటి పాలిమర్లలో ఒకటి పి.హెచ్. 5.5 దాటితేనే కరుగుతుంది. ఖాళీ కడుపులో పి.హెచ్. సాధారణంగా 1 నుండి 3 వరకే ఉంటుంది.

ఈ పొరకు వేడి తగిలితే ఏమవుతుంది? హైదరాబాదు లాడ్ బజారులో లక్క గాజులు చేయడం చూసినవారికి సులభంగా అర్థమవుతుంది. చల్లగా ఉంటే పెళుసుగా విరిగే లక్క, వేడి తగలగానే సాగుతుంది. (శుద్ధి చేసిన లక్కను మాత్రల పూతగా కూడా వాడతారు.) పాలిమర్ పొరలదీ ఇదే గుణం. గట్టిదనం పోయి మెత్తబడటం మొదలయ్యే స్థాయిని గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత అంటారు.

దానిని కనుగొనే పరీక్ష పేరు డి.ఎస్.సి. కొన్ని మిల్లీగ్రాముల పొరను చిన్న అల్యూమినియం గిన్నెలో ఉంచుతారు. పక్కన ఖాళీ గిన్నె పెట్టి, రెంటినీ ఒకే తీరున, తరచుగా నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడి చేస్తారు. పొర తీసుకునే వేడిలో ఎక్కడ మార్పు కనబడితే అక్కడ దాని స్వభావం మారినట్లు. వేడి చేస్తూ బరువు తూచే మరో పరీక్ష ద్వారా పొరలో తేమ ఎంత ఉందో తెలుస్తుంది.

ఈ తేమ సంగతి ముఖ్యం. పొర పగలకుండా సాగేందుకు ట్రైఇథైల్ సిట్రేట్ వంటి పదార్థం కలుపుతారు. అది మెత్తబడే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. గాలిలోని తేమ కూడా అడగకుండానే అదే పని చేస్తుంది. వానాకాలంలో మూత తీసి ఉంచిన అప్పడం మెత్తబడుతుంది కదా, అలాగే. కనుక వేడి, తేమ రెండూ కలిస్తే ముప్పు ఎక్కువ. మాత్రలు అతుక్కోవచ్చు, పూత కరిగే తీరే మారిపోవచ్చు.

పెట్టెపై 30 డిగ్రీలు మించని చోట ఉంచమని ఉంటే, మన ఎండాకాలంలో పొయ్యి గట్టు, ఎండలో నిలిపిన కారు పనికిరావు. మాత్రను వేసుకునే వేళకే రేకు నుండి తీయండి. చెప్పనిదే ఫ్రిజ్‌లో పెట్టవద్దు. బయటకు తీసినప్పుడు చెమ్మ పడుతుంది.

అయితే ఇళ్ళలో పైపూతకు వేడి కన్నా ఎక్కువ హాని చేసేది రోలు, రోకలి అని చెప్పాలి. పెద్దవారు మింగలేరని మాత్రను నూరితే పొర పోయి మందు కడుపులోనే పాడవుతుంది. మెల్లగా విడుదలయ్యే ఎస్.ఆర్. రకం మాత్ర అయితే రోజంతా అందవలసిన మందు ఒక్కసారే రక్తంలో చేరవచ్చు. నిఫెడిపిన్ వంటి వాటితో బి.పి. ప్రమాదకరంగా పడిపోవచ్చు. ట్యూబు ద్వారా ఆహారం ఇస్తున్నా సరే, నూరే ముందు డాక్టరునో, ఫార్మసిస్టునో అడగండి. ద్రవరూపంలో మందు దొరకవచ్చు. మలబద్ధకానికి వాడే బిసాకోడిల్ మాత్రను పాలతో ఇవ్వవద్దు. పాలకు, యాంటాసిడ్‌కు కనీసం గంట ఎడం ఉంచండి. లేకుంటే పూత కడుపులోనే కరిగి నొప్పి పుడుతుంది.